గీజర్‌ని పై బాత్రూమ్ నుంచి కిందికి మార్పించాం, యాప్ సర్వీస్‌కి 5కి 2

మా అత్తయ్యగారు మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేక కింది గదికి మారిపోయారు. కింద బాత్రూమ్‌లో గీజర్ లేదు, రోజూ స్టవ్ మీద నీళ్ళు కాచి బకెట్ మోసేది నేనే. పైన ఉన్న 15 లీటర్ల గీజర్‌ని మేం వాడేది అంతంతమాత్రం, దాన్నే దించి కింద పెట్టిద్దామని ఒక హోమ్ సర్వీస్ యాప్‌లో బుక్ చేశాను. పేరు ఎందుకులెండి.

యాప్‌లో విప్పడానికి ఒక బుకింగ్, బిగించడానికి ఇంకోటి, రెండూ కలిపి 748 రూపాయలు. మనిషి ఇంటికొచ్చాక తెలిసిందేంటంటే, ఆ డబ్బు ట్యాంకుని ఒక గోడ మీంచి తీసి ఇంకో గోడకి తగిలించడానికే. పైపు లైన్‌కి వేరే, గోడ చెక్కడానికి వేరే, కరెంటు పాయింట్ అసలు వాళ్ళ పనే కాదట. ఆ ముక్క బుక్ చేసేటప్పుడే చెప్పొచ్చుగా!

కుర్రాడు మాత్రం చెప్పిన టైముకే వచ్చాడు. ఎంసీబీ (బోర్డులో కరెంటు ఆపే స్విచ్) దించి, నీళ్ళు పూర్తిగా వదిలేసి, అప్పుడే స్పానర్ పట్టాడు. మాది బోరు నీళ్ళు, నాలుగేళ్ళుగా అడుగున పేరుకున్న తెల్లటి పెచ్చులు అర మగ్గు దాకా వచ్చాయి. లోపల తుప్పు పట్టకుండా ఉండే మెగ్నీషియం రాడ్ సన్నటి తీగలా మిగిలింది, కొత్తది వేయించాం. ఎలాగూ దించుతున్నారు కాబట్టి మీరూ ఆ రాడ్ ఒకసారి చూపించమని అడగండి. కొత్త చోట యాంకర్ బోల్టులు కూడా గట్టిగానే వేశాడు. ఆ రెండు మార్కులూ వీటికే.

అసలు గొడవ సేఫ్టీ వాల్వ్ దగ్గర మొదలైంది. స్విచ్ వేసిన కాసేపటికి దాన్నుంచి చుక్క చుక్క పడుతుంటే "లీకవుతోంది మేడమ్" అంటూ జేబులోంచి ఒక డమ్మీ తీసి ఆ రంధ్రానికి బిగించేశాడు! ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరైన మా మామయ్యగారు అది చూసి కుర్చీలోంచి లేచారు. "ఒరే బాబూ, ప్రెషర్ కుక్కర్ వెయిట్ కదలకుండా కట్టేసి పొయ్యి వెలిగిస్తావా?" అని గట్టిగా కేకేసి అప్పటికప్పుడు తీయించారు. నీళ్ళు కాగితే ఉబ్బుతాయి, ఆ చుక్కలు పడాల్సిందే. నీళ్ళు కాగాక కరెంటు ఆపే థర్మోస్టాట్ పాడైన రోజున ఆ దారి మూసుకుపోయి ఉంటే ట్యాంకే పగలొచ్చు. వాల్వ్‌కి సన్న పైపు తగిలించి నేల జాలీ దాకా వదిలితే సరిపోయేది, అది ఆయనే చెప్పి పెట్టించారు.

దీనికి తోడు కింద ఉన్నది 6 ఆంప్స్ చిన్న సాకెట్. గీజర్ 2000 వాట్లది, దాదాపు 9 ఆంప్స్ లాగుతుంది. ఈ అబ్బాయి ఇందాక స్విచ్ వేసి చూడ్డానికి పెట్టిన కన్వర్టర్ ప్లగ్‌తోనే ఇకపైనా నడిపించేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. మర్నాడు తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిచి బోర్డు నుంచి విడిగా 4 ఎంఎం వైరు లాగించి 16 ఆంప్స్ సాకెట్ పెట్టించాక గానీ మళ్ళీ స్విచ్ వేయలేదు.

ఇంతా చేసి నాలుగో రోజున వేడినీళ్ళ వైపు జాయింట్ కారడం మొదలైంది. మా వీధి ప్లంబర్ వచ్చి చూస్తే, లైనంతా వేడినీళ్ళకి వేసే మీగడ రంగు సీపీవీసీ పైపు, మధ్యలో జానెడు ముక్క మాత్రం తెల్లది, చన్నీళ్ళకి వేసే పైపు. "వేడికి ఇది మెత్తబడిపోద్దక్కా" అని చేత్తో వంచి చూపించాడు, నిజంగానే వంగింది. ఆ ముక్క కోసేసి సీపీవీసీ వేసి, సొల్యూషన్ ఆరేదాకా నీళ్ళు వదలొద్దన్నాడు. తర్వాత వేడినీళ్ళ కుళాయి తిప్పి ధార ఆగకుండా వచ్చేదాకా స్విచ్ ముట్టనివ్వలేదు, ఖాళీ ట్యాంకు ఆన్ చేస్తే ఎలిమెంట్ మాడిపోతుందని. మెటీరియల్‌తో కలిపి 1,800 తీసుకున్నాడు. మొదటే ఇతన్ని పిలవాల్సింది.

యాప్‌లో కంప్లైంట్ పెడితే పైపు ముక్క తమ బిల్లులో లేదు కాబట్టి వారంటీ రాదన్నారు. రెండు రోజులు వెంటపడితే 200 వెనక్కి వేశారు. అత్తయ్యగారు మాత్రం హాయిగా స్నానం చేస్తున్నారు, నా బకెట్ మోత తప్పింది. పైన బాత్రూమ్‌లో పాత బోల్టుల బెజ్జాలు ఇంకా అలాగే ఉన్నాయి, వైట్ సిమెంట్ పట్టుకొస్తానని బైకెక్కిన కుర్రాడు ఇప్పటికీ రాలేదు.