కె.ఎల్. రావు, పారికర్: ఇద్దరు ఇంజనీర్లు, రెండు దారులు

కృష్ణా జిల్లా కంకిపాడులో 1902లో పుట్టిన కానూరి లక్ష్మణరావు 1962లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యేనాటికి అరవై ఏళ్లకు దగ్గరపడ్డారు. అప్పటికే బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయ డాక్టరేటు ఉంది, నాగార్జునసాగర్ రూపకల్పనలో ఆయన చేయి ఉంది. ఆ ఆనకట్టను రాతితో కట్టడం వల్ల వేలాది కూలీలకు పని దొరికింది. లెక్కలు తెలిసిన మనిషి కూలి మనిషిని మరిచిపోకపోవడం నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. కేంద్ర నీటిపారుదల మంత్రిగా గంగా కావేరీ అనుసంధానాన్ని ప్రతిపాదించారు. పులిచింతల జలాశయానికి నేడు ఆయన పేరే.

మనోహర్ పారికర్ దారి వేరు. 1978లో బొంబాయి ఐఐటీలో లోహశాస్త్ర ఇంజనీరింగ్ పట్టా తీసుకున్నారు. ఆయన విలువలను తీర్చిదిద్దింది మాత్రం ఆర్‌ఎస్‌ఎస్. 1994లో, నలభై నిండకముందే పణజి శాసనసభ్యుడయ్యారు. 2000లో గోవా ముఖ్యమంత్రి, తర్వాత రక్షణమంత్రి. ఆడంబరం లేని జీవితం జనానికి నచ్చింది.

పారికర్ రాజకీయం నేర్చుకుని పాలనలోకి వచ్చారు. రావు నీటిని వెంటబెట్టుకుని వచ్చారు. ఇద్దరిలో ఒకరికే ఓటు వేయమంటే నా ఓటు రావు గారికే. ఏ ఊరికి ఏ కాలువ ఎందుకు పారదో చెప్పగలిగిన అభ్యర్థి ఈనాటికీ అరుదు.