తెలుగు బ్రెయిలీలో ఫోన్ టైపింగ్: ఉంగరపు వేలు, నాలుగో చుక్క

తెరమీద ఉన్నది చదివి వినిపించే ఆండ్రాయిడ్ టాక్‌బ్యాక్‌లో ఆరు చుక్కలతో అక్షరాలు రాసే బ్రెయిలీ కీబోర్డు 2020లో వచ్చింది. చూపులేనివాళ్లు తెలుగు రాయడానికి ఫోన్‌లో ఇంతకన్నా మంచి దారి నాకు దొరకలేదు. మామూలు తెలుగు కీబోర్డులో ఒక్కో అక్షరానికి వేలు తెరంతా తడమాలి, ఆపైన గుణింతం, ఒత్తు. నోటితో చెప్పి రాయించడం ఇంట్లో సరే; కర్నూలు నుంచి అనంతపురం పోయే బస్సు హోరులో సగం మాటలు తప్పు పడతాయి, సొంత విషయాలు పక్కసీటు దాకా వినబడతాయి.

టాక్‌బ్యాక్ సెట్టింగ్స్‌లో బ్రెయిలీ కీబోర్డు ఆన్ చేసి, దాని భాషల్లో తెలుగు చేర్చుకోవాలి. ఫోన్ అడ్డంగా తిప్పి, తెర అవతలికి ఉండేలా రెండు చేతుల్లో పట్టుకోవాలి. ఎడమచేతి చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు 1, 2, 3 చుక్కలు. కుడిచేతివి 4, 5, 6. ఒక వేలు కుడికి జరిపితే స్పేస్, ఎడమకు జరిపితే డిలీట్. రెండు వేళ్లు ఎడమకు జరిపితే మాట మొత్తం పోతుంది, కుడికైతే కొత్త లైను.

తప్పులు ఎక్కువగా ఉంగరపు వేళ్ల దగ్గరే వస్తాయి. 'ఉ' అంటే 1-3-6. ఆరో చుక్క ఆనకపోతే అది 1-3, అంటే 'క'. 'కర్నూలు' కాస్తా 'కర్నూలక' అవుతుంది. అలాగే 'వ' పోయి 'ల', 'ళ' పోయి 'భ' వస్తాయి. అంచులు ఎత్తుగా ఉన్న కవరు ఉంటే ఆ వేలు సరిగా ఆనదు, తీసేయండి. మా ఎండలకు చెమట పట్టిన వేలు గాజు మీద జారితే, నొక్కింది కాస్తా జరిపినట్టై స్పేస్ పడుతుంది. దగ్గర చేతిగుడ్డ పెట్టుకోవాలి.

రెండో చిక్కు పొల్లు. భారతి బ్రెయిలీలో, అంటే మన దేశభాషల బ్రెయిలీ పద్ధతిలో, పొల్లుకు గుర్తైన నాలుగో చుక్క అక్షరానికి ముందు వస్తుంది. 'కర్నూలు'కు క, నాలుగో చుక్క, ర, న, ఊ, ల, ఉ: మొత్తం ఏడు గళ్లు (ఒకసారి కలిపి నొక్కే చుక్కలు ఒక గడి). అచ్చు అక్షరాల క్రమంలో ఆలోచించి ర తర్వాత కొడితే పొల్లు న మీద పడుతుంది. 'ఫోన్' చివర కూడా ముందు చుక్క, తర్వాతే న. 'కడప'కు ఈ గొడవే లేదు, మూడు గళ్లతో అయిపోతుంది. మొదట ఇలాంటి మాటలతో చెయ్యి తిప్పుకుని, ఒత్తులు తర్వాత పట్టుకోవడం మేలు.

ఫోన్ కొనేముందు అంగట్లోనే 'ఢ' కొట్టి చూడండి. దానికి ఆరు చుక్కలూ ఒకేసారి పడాలి. ఐదు స్పర్శలే పట్టే తెరలో అది రాదు. మూడు వేళ్లతో స్క్రీన్‌షాట్ తీసే సదుపాయం ఉంటే ఆపేయించండి, మధ్యలో అడ్డం పడుతుంది.

అంకెల గుర్తు, 'ణ' రెండూ 3-4-5-6 చుక్కలే. అందుకే ఓటీపీ, ఖాతా నంబరు వంటివి భాషను ఇంగ్లిష్‌కు మార్చి కొడతాను. పొడుగు వ్యాసం మధ్యలోకి పోయి దిద్దడానికి మాత్రం బ్లూటూత్ కీబోర్డే నయం.