డ్యాష్‌క్యామ్‌కు కరెంటు ఎక్కడి నుంచి? లైటర్ సాకెట్టా, ఫ్యూజ్ బాక్సా?

డ్యాష్‌క్యామ్ (కారు ముందు అద్దం దగ్గర పెట్టి రోడ్డును రికార్డు చేసే కెమెరా) కొన్న స్నేహితులందరూ నన్ను అడిగేది ఒకటే. లైటర్ సాకెట్‌కి గుచ్చేసి ఊరుకుందామా, ఫ్యూజ్ బాక్స్ నుంచి హార్డ్‌వైర్ చేయిద్దామా? ఈ మధ్య కారు మార్చినప్పుడు నాకూ అదే ప్రశ్న ఎదురైంది.

సాకెట్ అయితే ఐదు నిమిషాల పని. కారు వైరింగ్ జోలికి వెళ్లక్కర్లేదు, వారంటీ టెన్షన్ లేదు. కాకపోతే వైరు వేలాడుతుంది, ఫోన్ ఛార్జర్‌కి చోటుండదు. గతుకుల్లో ప్లగ్ కాస్త వదులైతే రికార్డింగ్ ఆగిపోతుంది, ఆ సంగతి వీడియో కావాల్సి వచ్చిన రోజున గానీ తెలియదు. కొన్ని కార్లలో కీ తీసినా సాకెట్‌లో కరెంటు ఉంటుంది. అలాంటి కారులో ప్లగ్ తీయడం మరిచిపోతే, మామూలు ఛార్జర్‌కి కటాఫ్ (బ్యాటరీ వోల్టేజీ తగ్గితే కరెంటు ఆపేసే ఏర్పాటు) ఉండదు కాబట్టి, బ్యాటరీ మెల్లగా దిగిపోతుంది.

హార్డ్‌వైర్ కిట్‌లో సాధారణంగా మూడు వైర్లుంటాయి: ఎప్పుడూ కరెంటు ఉండే చోటికి ఒకటి, కీ తిప్పితేనే కరెంటు వచ్చే ఏసీసీ (యాక్సెసరీ) లైనుకి ఒకటి, బాడీకి ఎర్త్ ఒకటి. వైరు పైకప్పు లైనింగ్‌లో దాక్కుంటుంది, సాకెట్ ఖాళీగా ఉంటుంది. అందం సంగతి అటుంచితే, అసలు లాభం పార్కింగ్ మోడ్, అంటే కారు ఆపాక కూడా క్యామ్ పనిచేస్తూ ఉండటం. చిక్కంతా కూడా అక్కడే.

ఒక చిన్న లెక్క చూడండి. కారు ఆపాక క్యామ్ 0.3 ఆంపియర్లు తాగుతుందనుకుందాం. 24 గంటలకు అది 7.2 ఆంపియర్ అవర్లు. 40 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో దాదాపు ఐదో వంతు ఒక్క రోజులో పోయినట్టే. రోజూ గంటన్నర కారు నడిపేవాళ్లకు ఇది లెక్కలోకి రాదు. పావుగంట వెళ్లి వచ్చి రెండు రోజులు ఆపేసేవాళ్లకు మాత్రం ఆ లోటు పూడదు. పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీని మాటిమాటికీ లోతుగా ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. కాబట్టి నా లెక్కలో ఏది మేలో తేల్చేది కిట్ కాదు, మీరు రోజుకి ఎంతసేపు నడుపుతారన్నది.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. పాత కారులో ఎక్కువసేపు రికార్డవుతుంది కదా అని కటాఫ్ 11.8 వోల్టుల దగ్గర పెట్టాను. మూడు రోజులు కారు కదల్లేదు. నాలుగో రోజు పొద్దున సెల్ఫ్ కొడితే టకటకమని శబ్దం తప్ప ఏమీ లేదు. కిట్ తప్పేం లేదు, నేను చెప్పినట్టే చేసింది. నిలకడగా ఉన్న బ్యాటరీ 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సుమారు సగం, 11.8 అంటే దాదాపు ఖాళీ. ఇప్పుడు 12.4 దగ్గర పెట్టుకున్నాను. ఒక్కోసారి తెల్లవారకముందే క్యామ్ ఆగిపోతుంది, ఆగనీ.

రాత్రి కారు తాళం వేసిన షెడ్‌లో ఉంటుందా? అయితే పార్కింగ్ మోడ్ జోలికే వెళ్లకండి. చాలా కిట్లలో పవర్ వైర్లు రెండూ కలిపి ఏసీసీకే ఇవ్వొచ్చు, కీ తీయగానే క్యామ్ ఆగిపోతుంది. హార్డ్‌వైర్ శుభ్రతా దక్కుతుంది, బ్యాటరీ భయమూ ఉండదు. నన్నడిగితే ఎక్కువమందికి ఇదే సరిపోతుంది.

ఓబీడీ పోర్టుకి (మెకానిక్‌లు కారును పరీక్షించడానికి స్కానర్ గుచ్చే చోటు) గుచ్చే కేబుల్ కూడా ఉంది. సులువే గానీ, సర్వీసింగ్‌లో తీసి పక్కన పడేస్తారు. క్యామ్‌కు విడిగా లిథియం బ్యాటరీ ప్యాక్ పెట్టుకుంటే కారు బ్యాటరీకి ఇబ్బందే లేదు, కానీ బాగా ఖరీదు. మామూలు పవర్ బ్యాంక్ మాత్రం ఎండలో నిలిపే కారులో వద్దే వద్దు.

హార్డ్‌వైర్ చేయిస్తుంటే పక్కనే నిలబడి చూడండి. ముందు అద్దం పక్క పిల్లర్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉంటే వైరు దాని వెనక నుంచి పోవాలి, ముందు నుంచి కాదు. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (బ్రేకుల వ్యవస్థ) ఫ్యూజుల్లో ట్యాప్ పెట్టనివ్వకండి. ట్యాప్ అంటే ఉన్న ఫ్యూజ్ చోట గుచ్చి, దాంతోపాటు క్యామ్‌కు ఇంకో ఫ్యూజ్ పెట్టుకునే ముక్క. ట్యాప్‌లో రెండు ఫ్యూజులకూ ఉమ్మడిగా ఉండే కాలు కరెంటు వచ్చే వైపు ఉండాలి. తిరగేసి పెడితే క్యామ్ భారం కూడా పాత ఫ్యూజ్ మీదే పడుతుంది. క్యామ్ ఎలాగూ వెలుగుతుంది కాబట్టి దీన్ని చాలామంది గమనించరు. పని అయిపోయాక కారు లాక్ చేసి అరగంట ఆగండి. కొన్ని కార్లలో లాక్ చేశాక కూడా కాసేపు ఏసీసీలో కరెంటు ఉంటుంది. ఆ తర్వాత అద్దంలోంచి క్యామ్ లైటు చూడండి. ఏసీసీకి మాత్రమే ఇచ్చినా ఇంకా వెలుగుతోందంటే, వైరు వేరే ఫ్యూజ్‌లో పడినట్టే.