2014, 2024: ఆంధ్రప్రదేశ్‌కు ఏది పెద్ద ఏడాది?

ఈ రెండు సంవత్సరాల్లోనూ ఎన్నికలు జరిగాయి, ప్రభుత్వం మారింది, ఒక మహానగరం విపత్తుకు లోనైంది. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయి, పదేళ్ల పాటు హైదరాబాద్ ఉమ్మడి రాజధానిగా ఉండే ఏర్పాటు మొదలైంది. సరిగ్గా 2024 జూన్ 2న ఆ గడువు తీరింది. తీరిన రోజు ఎవరికీ పెద్దగా పట్టలేదు, ఎందుకంటే పాలన ఎప్పుడో అమరావతికి తరలిపోయింది.

ఎన్నికల మాటకొస్తే, 175 స్థానాల్లో 2014లో తెలుగుదేశానికి 102, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 67 రాగా, 2024లో తెలుగుదేశం ఒక్కటే 135 గెలిచి, ప్రత్యర్థిని 11కు పరిమితం చేసింది. సంచలనం రెండవదానిదే.

విపత్తుల్లో తేడా ఇంకా లోతైనది. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ తుపాను గురించి ముందే హెచ్చరికలున్నాయి. గాలి విమానాశ్రయం పైకప్పును ఊడ్చి, చెట్లను కూల్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి నీరు వచ్చినప్పుడు మాత్రం సామాను పైకెత్తుకునే వ్యవధి కూడా చాలామందికి దొరకలేదు. అదే సమయంలో కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పారి, కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర కౌంటర్‌వెయిట్లను (గేట్ల బరువుకు సమతూకంగా ఉండే దిమ్మెలను) విరిచాయి.

నా తూకంలో 2014 వైపే మొగ్గు: 2024 ప్రభుత్వాన్ని మార్చింది, 2014 రాష్ట్రం సరిహద్దులనే మార్చింది.