కారు మారుస్తున్నారా? పాత బండి తాళాలిచ్చే ముందు నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ) లెటర్ సంగతి చూసుకోండి

పోయిన సంవత్సరం పాత ఆల్టోకి నేను కట్టిన ఇన్సూరెన్స్ 5,627 రూపాయలు. ఈసారి కొత్త కారుకి షోరూమ్‌వాళ్లు చేతిలో పెట్టిన కాగితం మీద 56,658. పది రెట్లు! కారు పెద్దది, కొత్తది, పెరగడం న్యాయమే అనుకుని సంతకం పెట్టేశాను. అందులో 15,340 రూపాయలు నేను కట్టక్కర్లేనివని నాలుగు రోజుల తర్వాత తెలిసింది. ఆ డబ్బు ఇక తిరిగి రాదు. మీదైనా మిగులుతుందని రాస్తున్నాను.

పెరిగిన దాంట్లో న్యాయమైనదేదో ముందు చెప్తాను. లేకపోతే అంతా మోసమే అన్నట్టు ఉంటుంది.

థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కట్టేది, దాని రేటు ప్రభుత్వం నిర్ణయిస్తుంది, దాని మీద బేరం లేదు. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకి ఏడాదికి 2,094, 1000 దాటి 1500 వరకు 3,416, ఆపైన 7,897. నా ఆల్టో 796 సీసీ, కొత్తది 1197. పైగా కొత్త కారుకి ఒక ఏడాది థర్డ్ పార్టీ కడితే చాలదు. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబర్ 1 నుంచి మూడేళ్లది ఒకేసారి కట్టాలి. నా స్లాబుకి అది 10,640. సరే, కట్టాల్సిందే.

రెండోది ఐడీవీ, అంటే బండి పోతే కంపెనీ మనకిచ్చే గరిష్ఠ విలువ. ఆల్టోకి అది లక్షా అరవై వేలు. కొత్తదాని ఎక్స్-షోరూమ్ ధర 11.40 లక్షలు, అందులో 5 శాతం తరుగు తీసేసి 10.83 లక్షలు. ఓన్ డ్యామేజ్ ప్రీమియం, అంటే మన బండికే జరిగే నష్టానికి కట్టేది, దీన్ని బట్టే నడుస్తుంది కాబట్టి అదీ పెరగాల్సిందే. ఇంకో చిన్న సంగతి: ఆల్టో నల్గొండ రిజిస్ట్రేషన్, కొత్తది హైదరాబాద్‌ది. ఇన్సూరెన్స్ లెక్కల్లో హైదరాబాద్ 'ఏ' జోన్, నల్గొండ 'బీ' జోన్. 'ఏ' జోన్ రేటు కాస్త ఎక్కువ.

ఇక నేను బోల్తాపడ్డ చోటు. ఆల్టో మీద ఏడేళ్లు ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు. క్లెయిమ్ లేకపోతే మొదటి ఏడాదికి 20 శాతం, ఆ తర్వాత 25, 35, 45, ఐదేళ్లకి 50 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో తగ్గింపు, వస్తుంది. నాది 50 శాతానికి ఎప్పుడో చేరింది. షోరూమ్‌లో ఇన్సూరెన్స్ కౌంటర్ దగ్గర అడిగాను కూడా: "తమ్ముడూ, నాకు ఎన్‌సీబీ ఉంది కదా, ఇందులో వేయలేదేంటి?" ఆ అబ్బాయి తల కూడా ఎత్తకుండా, "అది పాత బండిది సార్, కొత్త బండికి రాదు" అన్నాడు. అంత ధీమాగా చెప్తే మనకే అనుమానం వస్తుంది కదా, నాకు తెలియదేమోనని. ఊరుకున్నాను.

అది పచ్చి అబద్ధం. ఎన్‌సీబీ బండిది కాదు, మనిషిది. పాత కారు అమ్మి అదే పేరు మీద ఇంకో కారు కొంటే బోనస్ మనతోపాటే వస్తుంది. నా కాగితంలో ఓన్ డ్యామేజ్ ప్రీమియం 26,000. అందులో సగం 13,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 2,340. మొత్తం 15,340. థర్డ్ పార్టీ మీద మాత్రం ఈ తగ్గింపు ఉండదు.

తెలిశాక పాత ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేశాను. మీ బోనస్ ఎంతో రాసి ఎన్‌సీబీ లెటర్ ఇస్తాం, బండి అమ్మినట్టు రుజువు పంపండి అన్నారు. బండి కొన్నవాడి పేరు మీదకి మార్చే ఫారం 29, ఫారం 30 కాపీలు, బండి అప్పగించినట్టు డెలివరీ నోట్. నా దగ్గర ఏముంది? నా బొంద. సెకండ్ హ్యాండ్ బండ్ల బ్రోకర్ ముందు పెట్టిన ప్రతి కాగితం మీదా సంతకం చేసి, డబ్బులు తీసుకుని, తాళాలిచ్చి వచ్చేశాను. ఒక్క ఫోటో తీసుకోలేదు. అతను ఫోన్ ఎత్తడు, ఎత్తితే "రేపు పంపిస్తానన్నా" అంటాడు. ఈలోపు షోరూమ్‌వాళ్లు పాలసీ అయిపోయింది, ఇప్పుడు మేమేం చేయలేం అని చేతులు దులుపుకున్నారు.

ఎవరూ ఎందుకు చెప్పలేదా అని ఆలోచిస్తే అర్థమైంది. బ్రోకర్ నా బండిని "ఇంకా ఎనిమిది నెలల ఇన్సూరెన్స్ ఉంది" అని చెప్పి అమ్ముతాడు. పాలసీ కొన్నవాడి పేరు మీదకి మారితే నా బోనస్ అందులోంచి తీసేస్తారు, మిగిలిన నెలలకి ఆ తేడా కొన్నవాడే కట్టాలి. అది చెప్తే బేరం చెడుతుంది. షోరూమ్‌కేమో ప్రీమియం ఎంత పెద్దదైతే అంత లాభం. మధ్యలో నా తగ్గింపు గురించి పట్టించుకునే నాథుడు ఎవడు!

కొన్నవాళ్లూ చూసుకోవాలి. బండి చేతికొచ్చిన 14 రోజుల్లోపు పాలసీ మార్చమని కంపెనీకి రాయాలి. థర్డ్ పార్టీ చట్టప్రకారం దానంతటదే మారుతుంది గానీ, మీ బంపర్ పగిలితే పాత ఓనర్ పేరు మీదున్న పాలసీ మీకు పైసా ఇవ్వదు.

దీనికి తిరగేసిన కథ మా బావమరిదిది. వాడు పాత కారు కొన్నాడు, సొంత బోనస్ ఏమీ లేదు. ఏజెంట్ ఫారంలో తనే 50 శాతం ఎన్‌సీబీ అని టిక్ పెట్టేశాడు, ఎవరు చూస్తారు సార్ అంటూ. ప్రీమియం తగ్గిందని వాడు మురిసిపోయాడు. ఆరు నెలలకి డోరు సొట్టపడి క్లెయిమ్ వేస్తే కంపెనీ పాత కంపెనీని అడిగింది, బండారం బయటపడింది, క్లెయిమ్ కొట్టేశారు. డిక్లరేషన్ మీద సంతకం వాడిదే మరి, ఏజెంట్‌ది కాదు.

కాబట్టి పాత బండి అమ్మే రోజు ఫారం 29, 30, డెలివరీ నోట్ ఫోటోలు తీసుకున్నాకే తాళాలివ్వండి. ఆ రోజే కంపెనీకి మెయిల్ చేసి ఎన్‌సీబీ లెటర్ అడగండి. అది మూడేళ్లు పనికొస్తుంది, వెంటనే కారు కొనకపోయినా పర్వాలేదు. కానీ అమ్మకుండా ఇంటి ముందే పెట్టుకుని, పాలసీ గడువు తీరాక 90 రోజులు దాటనిస్తే బోనస్ మొత్తం గల్లంతు. కొత్త కారు భార్య పేరు మీద తీసుకుంటే మీ బోనస్ ఆవిడకి రాదు. ఇది చాలామంది చేసే పనే, చూసుకోండి. బైక్ మీద వచ్చిన బోనస్ కారుకీ రాదు.

షోరూమ్‌లో "ఇన్సూరెన్స్ మా దగ్గరే తీసుకోవాలి" అంటే నమ్మకండి. డీలర్లు అమ్మే ఇన్సూరెన్స్ మీద ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలు 2017 నవంబర్ 1 నుంచి ఉన్నాయి, ఎక్కడ కొనాలో మన ఇష్టం. బయట రెండు కొటేషన్లు తీసుకెళ్లండి. నాకు అంటగట్టిన యాడ్-ఆన్లు, అంటే అదనపు కవర్లు, 11,000. క్లెయిమ్‌లో విడిభాగాల తరుగు కోయకుండా ఇచ్చే జీరో డిప్రిసియేషన్ కొత్త కారుకి అవసరమే, వానాకాలం హైదరాబాద్ రోడ్లు చూశాక ఇంజిన్ ప్రొటెక్షన్‌కీ ఓటేస్తాను. తాళం పోతే ఇచ్చే కవర్ దేనికో నాకిప్పటికీ అర్థం కాలేదు.

ఆల్టో ఆర్‌సీ మొన్ననే మారింది, అమ్మిన మూడు నెలల ఇరవై రోజులకి. ఈలోపు రెండు చలాన్లు నా ఫోన్‌కే వచ్చాయి. ఒకటి ఉప్పల్‌లో సిగ్నల్ జంప్, ఇంకోటి సీటు బెల్టు.