ఓపియాయిడ్ సెటిల్‌మెంట్ డబ్బు: ఆప్షన్ ఏ మేలా, ఆప్షన్ బీ మేలా?

ఓపియాయిడ్లు అంటే మత్తుకు అలవాటు చేసే నొప్పి మందుల్లాంటివి. వాటి వల్ల జరిగిన నష్టానికి వేసిన దావాల్లో రాజీకొచ్చి కంపెనీలు కట్టేదే ఓపియాయిడ్ సెటిల్‌మెంట్ డబ్బు. దాని గురించి కౌంటీ (జిల్లా లాంటిది) బహిరంగ సమావేశం పెట్టినప్పుడల్లా నార్త్ కరోలినాలోని కేరీ, మోరిస్‌విల్ వైపు మనవాళ్లు అడిగేది ఒకటే: ఖర్చుకున్న రెండు పద్ధతుల్లో కమిషనర్లు (కౌంటీ బోర్డు సభ్యులు) ఆప్షన్ ఏ కింద ఖర్చు పెడితే మేలా, ఆప్షన్ బీ కిందా? అక్కడికి వెళ్తే ఏమడగాలి? నేను ఫార్మసీ కౌంటర్ వెనక పనిచేసేదాన్ని. నా అభిప్రాయం అక్కడ చూసినదాన్ని బట్టే ఉంటుంది.

నార్త్ కరోలినాకు 2038 లోపు రావాల్సింది 150 కోట్ల డాలర్ల పైమాటే. అందులో 85 శాతం కౌంటీలకు, కొన్ని నగరాలకు నేరుగా వెళ్తుంది. రాష్ట్రానికి మిగిలేది 15 శాతం. అంటే ఈ డబ్బు విషయంలో గవర్నర్ కన్నా మన కౌంటీ కమిషనర్ల మాటకే బరువెక్కువ.

ఆప్షన్ ఏలో పన్నెండు పనులున్నాయి. చికిత్స, నాలోక్సోన్ (ఓవర్‌డోస్‌కు విరుగుడు మందు) పంపిణీ, కోలుకుంటున్నవాళ్లకు ఇళ్లు, జైల్లో చికిత్స లాంటివి. అన్నీ ఇప్పటికే ఫలితం చూపించినవే కాబట్టి బోర్డు ఒకటి ఎంచుకుని తీర్మానం చేస్తే చాలు, పని మొదలుపెట్టొచ్చు. ఆప్షన్ బీకి ముందు కసరత్తు చేయాలి. చికిత్స చేసేవాళ్లను, కోలుకున్నవాళ్లను, కుటుంబాలను కూర్చోబెట్టి ప్రణాళిక వేసి, సిఫార్సులను బోర్డు ముందు పెట్టాలి. అది పూర్తయ్యాకే ఇంకా పెద్ద జాబితాలోంచి ఎంచుకునే వీలుంటుంది.

ఆప్షన్ బీని తేలిగ్గా తీసిపారేయలేం. బిడ్డను పోగొట్టుకున్న తల్లి మాట కమిషనర్ల చెవిన పడాలి. పడమటి కొండల్లోని చిన్న కౌంటీ అవసరాలు మన వేక్ కౌంటీ అవసరాల్లా ఉండవు కూడా. అయినా నేను ఆప్షన్ ఏ వైపే మొగ్గుతాను. ప్రణాళిక వేయడమన్నది ఆ పన్నెండింటిలో మొదటిది, కాబట్టి ఆప్షన్ ఏ కింద పని మొదలుపెట్టి పక్కనే ఆ కసరత్తూ చేసుకోవచ్చు. ప్రణాళిక పూర్తయ్యేదాకా డబ్బు ఖాతాలో ఊరికే ఉండాల్సిన పనిలేదు.

నన్నడిగితే, ఏదైనా పద్దు చూసినప్పుడు ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: ఈ ఖర్చు ఇంకెవరైనా భరిస్తారా? 2023 డిసెంబర్ 1 నుంచి మన రాష్ట్రంలో మెడికెయిడ్ (పేదవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) విస్తరించింది. బయట ఉన్న పేదవాళ్లలో చాలామంది చికిత్సకు ఇప్పుడు దారి దొరికింది. కానీ మనిషి జైలుకి వెళ్లగానే మామూలుగా మెడికెయిడ్ చెల్లింపు ఆగిపోతుంది. అక్కడ బ్యూప్రెనార్ఫిన్ (ఓపియాయిడ్ వ్యసనానికి చికిత్సగా ఇచ్చే మందు) ఇవ్వాలంటే ఖర్చు కౌంటీయే పెట్టుకోవాలి.

ప్రాణాలకు ముప్పు ఎక్కువగా ఉండేదీ జైలు నుంచి బయటికొచ్చిన కొత్తలోనే. లోపల మత్తుమందు లేక శరీరం అలవాటు తప్పుతుంది. బయటికొచ్చి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. వాషింగ్టన్ రాష్ట్ర జైళ్ల నుంచి విడుదలైనవాళ్ల మీద 2007లో ఒక అధ్యయనం వచ్చింది. మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్‌తో చనిపోయే ముప్పు మామూలు జనంతో పోలిస్తే 129 రెట్లు ఉందని అది తేల్చింది. ఫెంటనిల్ అనే చాలా బలమైన ఓపియాయిడ్ ఇంతగా వ్యాపించక ముందు లెక్క అది.

శుక్రవారం సాయంత్రం విడుదలైన మనిషి ప్రిస్క్రిప్షన్ కాగితంతో కౌంటర్ దగ్గరికొస్తాడు. గుర్తింపు కార్డు ఇంకా చేతికి రాలేదు. కవరేజీ ఇంకా ఆగిపోయినట్టే కనిపిస్తోంది. డాక్టర్ ఆఫీసు మళ్లీ తెరిచేది సోమవారం. అతణ్ని ఆ మూడు రాత్రులు దాటించడానికి కౌంటీ డబ్బే కావాలి, ఎందుకంటే వేరే డబ్బు లేదు.

మిగతా రాష్ట్రాల పద్ధతులూ అడుగుతుంటారు. ఒహాయోలో 55 శాతం ఒక ఫౌండేషన్ చేతికిచ్చారు. దాని రికార్డులు జనానికి చూపాల్సిందేనని 2023లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. నాకు మన పద్ధతే నయమనిపిస్తుంది. ఇక ఈ డబ్బుతో పోలీసు వాహనాలు, పరికరాలు కొనడమంటారా, వాటికి కౌంటీ సాధారణ బడ్జెట్ ఉంది.

సమావేశానికి వెళ్తే ఇవి అడగండి. తీర్మానంలో ఏ పనికి, ఎన్ని డాలర్లు, ఎంతకాలానికి అని మూడూ రాశారా? నిబంధన ప్రకారం రాయాల్సిందే. మన కౌంటీ జైల్లో ఈరోజు ఎంతమందికి బ్యూప్రెనార్ఫిన్ గానీ, అలాంటిదే ఇంకో చికిత్స మందు మెథడోన్ గానీ ఇస్తున్నారు? విడుదలయ్యే రోజు చేతికి ఎన్ని రోజుల మందు ఇచ్చి పంపుతున్నారు? దాంతోపాటు రెండు డోసుల నాలోక్సోన్ స్ప్రే పెట్టె ఇస్తున్నారా?