పత్తి కట్టె: మామూలుగానా, వేయించా?

గుంటూరు చుట్టుపక్కల పత్తి తీత అయిపోగానే చాలా కట్టె చేలోనే తగలబడుతుంది. దాన్ని బొగ్గుతో కలిపి, తక్కువ గాలితో వేడిచేసే కొలిమి అయిన గ్యాసిఫయర్‌లో వేస్తే ఇంధన వాయువు వస్తుంది. ఉన్నదున్నట్టు వేయాలా, గాలి తగలకుండా 200–300 డిగ్రీల్లో వేయించి వేయాలా?

మామూలు కట్టెకు ముందు ఖర్చు లేదు. కానీ లోపల వేసేముందు పొడి చేసే మిల్లులో బొగ్గు పొడి అవుతుంటే ఇది పీచుపీచుగా మిగులుతుంది. తేమకు వేడి వృథా, పైపుల నిండా తారు. వానకు తడిస్తే కుళ్లుడే.

వేయించింది వేళ్లతో నొక్కితే పుటుక్కున విరుగుతుంది, నీళ్లు అంతగా పీల్చదు, తారూ తగ్గుతుంది. బరువు సుమారు 30 శాతం పోయినా శక్తి పోయేది 10 శాతం దాకానే. లారీలో దూరం తోలాలంటే నా ఓటు దీనికే. గ్యాసిఫయర్ ఊళ్లోనే ఉంటే ఈ వేయించే తంటా దండగ.

పొటాషియం మాత్రం రెండింట్లోనూ ఉంటుంది. బొగ్గు త్వరగా గ్యాస్‌గా మారడానికి సాయపడేదీ అదే, మోతాదు మించితే బూడిదను కరిగించి గడ్డకట్టించేదీ అదే.